అగ్గిపెట్టె లెక్క

వ్యాసర్‌పాడి ఆరోగ్య కేంద్రంలో
మూడో నంబరు కిటికీ నాది.
కిటికీ అంటే కిటికీ కాదు,
చెయ్యి పట్టేంత కంత.
అందుకే నాకు జనం మొహాలకంటే
చేతులే బాగా తెలుసు.

సున్నం తిన్న చెయ్యి, చేప పొలుసంటిన చెయ్యి,
హార్బరులో గొలుసులు లాగి లాగి
పిడికిలి పూర్తిగా తెరుచుకోని పెంచలయ్య చెయ్యి.
వేళ్ళ సందుల్లో బ్లీచింగు తెలుపు వదలని చెయ్యి వస్తే
తలెత్తకుండానే అంటాను:
"ఏం చెంగమ్మక్కా, చీటీ ఏదీ?"

ఆమె చీపురుతో తెల్లారే వీధుల్ని
బస్సులోంచి చూస్తూ వస్తాను రోజూ.
తాతల నాడు నెల్లూరు దిక్కు నుంచి వచ్చి
ఈ ఊరి చెత్తబండ్ల వెనక మిగిలిన తెలుగు మా ఇద్దరిదీ.
అరవం కలిసి, ఉప్పుగాలి తగిలి,
ఏ బళ్ళోనూ ఎవరూ దిద్దని తెలుగు.

నెలకోసారి వస్తుంది. చక్కెర జబ్బు.
మాత్రలు లెక్కపెట్టి కవరులో పోస్తే
ప్రతిసారీ అదే ప్రశ్న:
"ఎంత పాపా?"
"ఊరికేనక్కా."
ఆ మాట చెవినబడగానే
ఆ చెయ్యి కాస్త కుంచించుకుపోతుంది.
కొంగుముడి విప్పి రెండు రూపాయల బిళ్ళ
కంతలోంచి ఇటు తోసి వెళ్ళిపోతుంది.
నేను వద్దంటాను. ఆమె వినదు.
ఖాళీ మాత్రల డబ్బాలో దాచి ఉంచాను
పదిహేడు బిళ్ళలు.

మొన్నటి వానాకాలం ఇన్సులిన్ అయిపోయింది.
ఇండెంటు పెట్టాను.
పై ఆఫీసు ఇంకో పై ఆఫీసుకు రాసింది.
ఫ్రిజ్జులో నా మజ్జిగ సీసా తప్ప ఏమీ లేదు.
"బేస్తవారం రండి" అని
అట్టముక్క మీద అరవంలో రాసి తగిలించాను.
ఏ బేస్తవారమో రాయలేదు.
బయట షాపులో ఒక్క సీసా
చెంగమ్మ ఇంట్లో వారం కూరల ఖర్చు.
ఉన్నదాన్నే సగం సగం పొడుచుకుని
ఎక్కువ రోజులు లాగిందట.
బొటనవేలు నల్లబడ్డాక గాని చెప్పలేదు,
అదీ చెప్పు కింద దాచుకుంటూ.

స్టాన్లీలో ఆ వేలు తీసేశారు.

తర్వాత పేపర్లో పడింది,
ఆరోగ్యానికి అదనంగా ఇన్ని కోట్లని.
ల్యాబు కుర్రాడు ఎళిలన్ సున్నాలు లెక్కపెట్టి
"మాత్రల మాదిరే ఉన్నాయే" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు. నమ్మకమూ రాలేదు.
కానీ ఆ సున్నాల్లో ఏవో కొన్ని
నాలుగు నెలలకు మా వీధి దాకా దొర్లుకుంటూ వచ్చాయి:
కొత్త ఫ్రిజ్జు, ఇంకో డాక్టరమ్మ,
రాత్రి ఎనిమిది దాకా తెరిచుండే ఓపీ.
పగలు పని మానుకోలేని చేతులన్నీ
ఇప్పుడు దీపాల వేళ వస్తున్నాయి.

చెంగమ్మ కూడా వచ్చింది, కాస్త కుంటుతూ.
చల్లటి సీసా అరచేతిలో పెట్టాను.
"ఎంత పాపా?"
ఎందుకో ఆ పూట ఊరికే అనలేకపోయాను.
"నువ్వు కట్టేసినావక్కా."
"ఎప్పుడు కట్నా?"
"అగ్గిపెట్టె కొన్నప్పుడు. సబ్బు కొన్నప్పుడు.
మనవడికి బిస్కట్టు పొట్లం, నీ కాళ్ళకు ఆ రబ్బరు చెప్పులు,
అన్నిట్లో ఇంత ఇంతని ముందే పట్టుకున్నారు.
ఆ చిల్లరే ఊరంతా తిరిగి తిరిగి ఈ సీసా అయింది."

వెనక లైను గొణుగుతోంది.
ఆ చెయ్యి మాత్రం కంతలోనే ఉండిపోయింది.
బ్లీచింగు వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి,
ముప్ఫయ్యేళ్ళ అగ్గిపెట్టెలు లెక్కేస్తున్నట్టు.
అప్పుడు, మొదటిసారి, నడుం వంచి
కంతలోంచి నా మొహంలోకి చూసింది:
"అట్టయితే ఆ వానల్లో
నా అగ్గిపెట్టె దుడ్లు యాడికి పోయె పాపా?"

ఇండెంటు పుస్తకంలో దానికి కాలమ్ లేదు.
డబ్బా మూత తీసి
బిళ్ళలన్నీ ఆమె దోసిట్లో గుమ్మరించాను.
అక్కడే నిలబడి, లైనునంతా నిలబెట్టి,
ఒకటొకటిగా లెక్కపెట్టుకుంది.
"పద్దెనిమిది ఇచ్చినానే" అంది.

సొరుగు కింద, ఫ్రిజ్జు వెనక
ఇంకా వెతుకుతున్నాను.